జపాన్ ఆఫర్ చేతిలో ఉందా? పాత కంపెనీయా, కొత్తదా, విదేశీదా చూసుకోండి

జపాన్ నుంచి ఆఫర్ వచ్చిందనగానే ఇంట్లోవాళ్లు మొదట అడిగేది జీతం ఎంత అని. ఆ తర్వాత, అక్కడ రాత్రి పదింటిదాకా ఆఫీసులోనే కూర్చోబెడతారట కదా అని. రెండూ అడగాల్సినవే. కానీ అంతకంటే ముందు మీరు తేల్చుకోవాల్సింది ఒకటుంది: అక్కడ ఎన్నేళ్లు ఉందామనుకుంటున్నారు? మూడేళ్లు చేసి నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చేద్దామనుకునేవాళ్లకి సరిపడే కంపెనీ వేరు, పిల్లల్ని అక్కడే చదివించి స్థిరపడదామనుకునేవాళ్లకి సరిపడేది వేరు. జపాన్‌లో కొన్ని కంపెనీలు మీ పనికి ఈ నెలే డబ్బు ఇస్తాయి. కొన్ని పదేళ్ల తర్వాత ఇస్తాయి. ఈ రెండో రకంలో చేరి మూడో ఏడు మానేస్తే, నీళ్లు పోసి పెంచిన మామిడి మొక్కని కాపుకొచ్చే ముందు వదిలేసి వచ్చినట్టే.

ఇక్కడ మాట్లాడేది ఎక్కువగా ఇంజనీర్లకి వచ్చే ఆఫర్ల గురించి. మనవాళ్లకి వచ్చేవి దాదాపు ఐదు రకాలు: పాత పెద్ద జపాన్ కంపెనీ, ఈ ముప్పై ఏళ్లలో పుట్టి పెరిగిన కొత్త కంపెనీ, జపాన్‌లో ఆఫీసున్న విదేశీ కంపెనీ (అక్కడ దీన్ని గైషికే అంటారు), క్లయింట్ల దగ్గరికి మనుషుల్ని పంపే కంపెనీ, ఇండియా కంపెనీ తరఫున ఆన్‌సైట్.

పాత పెద్ద కంపెనీ

టయోటా, హిటాచీ, ఫుజిత్సు, పానాసోనిక్ లాంటివి. వీటి పద్ధతి తెలియాలంటే ఏప్రిల్ 1న చూడాలి. ఆ రోజు దేశమంతటా కొత్తగా డిగ్రీ పూర్తయిన కుర్రాళ్లు నల్ల సూట్లు వేసుకుని ఒకేసారి ఉద్యోగాల్లో చేరతారు. చేరింది ఫలానా పనికి కాదు, కంపెనీలోకి. ఏ విభాగంలో వేస్తారో, ఏ ఊరికి పంపుతారో తర్వాత చెబుతారు. రెండు మూడేళ్లకోసారి విభాగం మారుస్తారు. జీతం వయసుతో, సర్వీసుతో మెల్లగా పెరుగుతుంది. బదులుగా కంపెనీ అంత తేలిగ్గా వదిలేయదు. హాస్టల్ ఇస్తుంది లేదా అద్దెలో సాయం చేస్తుంది, వేసవిలోనూ డిసెంబర్‌లోనూ బోనస్ ఇస్తుంది, రిటైరయ్యే రోజున పెద్ద మొత్తం చేతిలో పెడుతుంది.

నిర్ణయాలు జరిగే తీరు మనవాళ్లకి మొదటి ఏడాది పిచ్చెక్కిస్తుంది. ఒక సాఫ్ట్‌వేర్ టూల్ కొనాలనుకోండి. ముందు మీ సెక్షన్ మేనేజర్‌తో, అంటే కచోతో, విడిగా మాట్లాడతారు. ఆయన పక్క సెక్షన్ కచోతో మాట్లాడతారు. సెక్యూరిటీ వాళ్లని, కొనుగోళ్ల వాళ్లని ఎవరికి వారిని కలిసి అభ్యంతరాలు కనుక్కుంటారు. దీన్ని నెమవాషి అంటారు. అది పూర్తయ్యాకే రింగిషో అనే కాగితం పుడుతుంది. అది కింది నుంచి పైకి ఒక్కొక్క బల్ల మీదికీ వెళ్లి, ఒక్కొక్కరి ముద్ర వేయించుకుంటుంది. మీటింగ్ పెట్టేసరికి అందరూ ఒప్పేసుకుని ఉంటారు కాబట్టి ఆ మీటింగ్‌లో చర్చ ఉండదు. మనవాడు అక్కడ చెయ్యెత్తి కొత్త అభ్యంతరం చెబితే గది మొత్తం బిగుసుకుపోతుంది. ముద్ర కొట్టడంలో కూడా మర్యాదలున్నాయి. కొన్ని ఆఫీసుల్లో కిందివాళ్లు తమ ముద్రని పైఅధికారి ముద్ర వైపు కాస్త వంచి కొడతారు, తల వంచి నమస్కరించినట్టు. ఆ ముద్రలు కంప్యూటర్లోకి మారాక వంపు పెట్టే సౌకర్యం ఉన్న సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది!

నవ్వొచ్చినా, ఈ పద్ధతిలో అర్థముంది. ఒప్పుకోవడానికి నెల పడుతుంది గానీ, ఒప్పుకున్నాక ఎవరూ అడ్డుపడరు. కారు, రైలు, చిప్ తయారుచేసే యంత్రం లాంటివి చేసేచోట ఇది బలమే. వారం వారం మార్చుకోవాల్సిన యాప్ దగ్గరికి వచ్చేసరికి అదే మెడకి గుదిబండ అవుతుంది. అందుకే నా సలహా సూటిగా చెబుతా. మీది మెకానికల్, మెటీరియల్స్, ఎలక్ట్రానిక్స్, రోబోటిక్స్ అయితే పాత కంపెనీ పేరు చూసి వెనకాడొద్దు. జపాన్‌లో అసలైన కొత్తదనం ఇప్పటికీ చాలావరకు అక్కడే ఉంది. వంటల్లో వేసే అజినొమోటో పేరు మీకు తెలుసు. అదే కంపెనీ అమైనో ఆమ్లాల రసాయన శాస్త్రం నుంచి తయారుచేసిన ఒక సన్నని ఇన్సులేషన్ పొర ఇవాళ కంప్యూటర్ ప్రాసెసర్ల ప్యాకేజింగ్‌లో వాడతారు. డిజిటల్ కెమెరాలొచ్చి కోడక్ 2012లో దివాలా పిటిషన్ వేసింది. అదే దెబ్బ తిన్న ఫుజిఫిల్మ్ మాత్రం ఫిల్మ్ తయారీలో నేర్చిన రసాయన విద్యని మందుల్లోకి, సౌందర్య సాధనాల్లోకి మళ్లించి నిలబడింది. ఇలాంటి మలుపులకి దశాబ్దాల ఓపిక కావాలి. మూడు నెలలకోసారి లెక్క అడిగే కంపెనీల్లో అది కష్టం.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి మాత్రం ఇదే మాట చెప్పలేను. జపాన్‌లో పెద్ద కంపెనీలు తమ సిస్టమ్‌లు తామే రాసుకోవడం తక్కువ. పెద్ద ఐటీ కంపెనీకి ఇస్తాయి, అది కింది కంపెనీకి, అది ఇంకా కిందికి. పై అంచెలో చేరినవాళ్లు ఎక్సెల్ షీట్లలో డిజైన్ పత్రాలు నింపుతూ, కింది అంచెవాళ్ల గడువులు చూసుకుంటూ ఉంటారు. కోడ్ రాసేది కింద. పాత సిస్టమ్‌లని మార్చకపోతే 2025 తర్వాత ఏడాదికి గరిష్ఠంగా 12 లక్షల కోట్ల యెన్‌ల దాకా నష్టం రావచ్చని జపాన్ ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల శాఖే 2018లో హెచ్చరించింది. చేతి వేళ్లు కదలాలి, కోడ్ రాయాలి అనుకునేవాడు ఇలాంటి చోట రెండేళ్లలో తుప్పు పట్టిపోతాడు.

మరి ఏమీ మారలేదా అంటే, చాలానే మారింది. హిటాచీ కథ తెలుసుకుంటే చాలు. 2009 మార్చితో ముగిసిన ఏడాదిలో 787 బిలియన్ యెన్‌ల నష్టం వచ్చింది. అప్పటికి జపాన్ తయారీ రంగంలో అంత నష్టం ఏ కంపెనీకీ రాలేదు. ఆ తర్వాత పదేళ్లకు పైగా పట్టి షేర్ మార్కెట్లో ఉన్న తన అనుబంధ సంస్థల్ని ఒక్కొక్కటిగా అమ్మేసింది, లేదా తనలో కలిపేసుకుంది. 2021లో గ్లోబల్‌లాజిక్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ కంపెనీని 9.6 బిలియన్ డాలర్లకి కొంది. ఉద్యోగుల్ని వయసుని బట్టి కాక చేసే పనిని బట్టి చూసే విధానానికి మళ్లింది. ఫుజిత్సు కూడా 2020లో మేనేజర్లతో మొదలుపెట్టి అదే దారి పట్టింది. జీవితాంతం ఉద్యోగం అనే పద్ధతిని నిలబెట్టడం కష్టమవుతోందని 2019లో టయోటా అధిపతి అకియో టయోడా పైకే అన్నారు. బట్టల బ్రాండ్ యూనిక్లో యజమాని ఫాస్ట్ రీటెయిలింగ్ 2023లో కొత్తగా చేరేవాళ్ల నెల జీతాన్ని 2,55,000 యెన్‌ల నుంచి 3,00,000కి పెంచింది. 2024 వసంతకాలపు వేతన చర్చల్లో కార్మిక సంఘాలు సగటున 5 శాతం పైగా పెంపు సాధించాయి. అప్పటికి 33 ఏళ్లలో అంత పెంపు లేదు. మనుషులు దొరకడం లేదు, అదీ అసలు కారణం.

పని గంటల విషయం కూడా ఇంట్లోవాళ్లు విన్నంత ఘోరంగా లేదు. డెంట్సు అనే అడ్వర్టైజింగ్ కంపెనీలో ఒక యువ ఉద్యోగిని 2015 చివర్లో పని ఒత్తిడితో ప్రాణం తీసుకుంది. దేశమంతా కదిలింది. 2019 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలకి, మరుసటి ఏడాది నుంచి చిన్నవాటికి ఓవర్‌టైం మీద చట్టపరమైన హద్దు వచ్చింది: మామూలుగా నెలకి 45 గంటలు, ఏడాదికి 360. ప్రత్యేక ఒప్పందం ఉన్నా ఏడాదికి 720 దాటకూడదు. ఉద్యోగి ఏడాదికి కనీసం 5 రోజులు సెలవు వాడుకునేలా చూడటం కంపెనీ బాధ్యత. అయినా ఒకే భవనంలో మూడో అంతస్తు వాళ్లు ఆరింటికే లైట్లు ఆర్పి వెళ్తారు, ఐదో అంతస్తు వాళ్లు కచో లేచేదాకా కదలరు. చట్టం కంపెనీకి వస్తుంది, అలవాటు సెక్షన్‌ది. అందుకే ఇంటర్వ్యూలో కంపెనీ సగటు అడగకండి. చేరబోయే టీమ్‌లో పోయిన నెల ఎన్ని గంటల ఓవర్‌టైం నడిచిందో అడగండి. ఇది అడిగితే తప్పుగా అనుకుంటారేమోనన్న టెన్షన్ అక్కర్లేదు, ఈ ప్రశ్న ఇప్పుడు జపాన్ కుర్రాళ్లే అడుగుతున్నారు.

కొత్త కంపెనీ

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కి నేను మొదట చూడమనేది ఇదే. ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ రకుటెన్ అధిపతి హిరోషి మికితాని 2010లో ఆఫీసు భాష ఇంగ్లీషు అని ప్రకటించినప్పుడు ఇదేం పిచ్చి అన్నవాళ్లే ఎక్కువ. 2012లో పూర్తిగా అమల్లోకి తెచ్చారు. ఆ తలుపు తెరుచుకోకపోతే మనవాళ్లలో చాలామంది జపాన్ ముఖం చూసేవాళ్లు కాదు. పాత వస్తువులు అమ్మిపెట్టే మెర్కారీ 2013లో పుట్టింది. 2018లో ఐఐటీల నుంచి ఒక పెద్ద బృందాన్నే తీసుకుంది, 2022లో బెంగళూరులో సెంటర్ తెరిచింది. పేపే కథ మనకి ఇంకా దగ్గరిది. 2018లో ఆ చెల్లింపు యాప్ మొదలైనప్పుడు దాని వెనక మన పేటీఎం సాంకేతిక సాయం ఉంది. నగదు తప్ప ఇంకోటి ముట్టని జపాన్ వీధి దుకాణాల్లో క్యూఆర్ కోడ్ అలవాటు కావడంలో దాని వాటా పెద్దది.

ఈ కంపెనీల్లో సర్వీసు ఏళ్లు ఎవరూ లెక్కపెట్టరు. పనికి గ్రేడు, గ్రేడుకి జీతం. మారాలనుకుంటే మార్కెట్లో మీ అనుభవానికి విలువ ఉంటుంది. మూడు నుంచి ఐదేళ్ల ప్రణాళిక ఉన్నవాళ్లకి ఇంతకంటే మంచిది లేదు.

ఒక్క ఉచ్చు ఉంది. ఆఫీసులో ఇంగ్లీషు సరిపోతుంది కాబట్టి జపనీస్ నేర్చుకోవడం వచ్చే నెల, వచ్చే ఏడాది అంటూ జరిగిపోతుంది. ఇంజనీరింగ్ టీమ్ దాటి సేల్స్ దగ్గరికి, లీగల్ దగ్గరికి వెళ్తే మళ్లీ జపనీసే. అద్దె ఇంటి ఏజెంట్, వార్డు ఆఫీసు, పిల్లకి జ్వరమొస్తే డాక్టరు, అంతా జపనీసే. ఐదేళ్ల తర్వాత మేనేజర్ కావాలనుకున్న రోజున భాష రాక ఆగిపోయినవాళ్లు టోక్యోలో తక్కువేం కాదు.

విదేశీ కంపెనీ

ఒకే అనుభవానికి ఎక్కువ జీతం తరచు ఇక్కడే కనిపిస్తుంది. కాకపోతే ఏడాది మొత్తం ఒక అంకెగా చెబుతారు. ఇంటి సాయం, రిటైర్మెంట్ మొత్తం చాలాచోట్ల ఉండవు. పోల్చేటప్పుడు పాత కంపెనీ నెల జీతాన్ని 12తో గుణించి చూడకండి, బోనస్ నెలలూ అద్దె సాయమూ కలిపి చూడండి. అంతరం అనుకున్నదానికంటే తగ్గుతుంది.

సరైన కారణం లేకుండా ఉద్యోగిని తీసేయడాన్ని జపాన్ చట్టం ఒప్పుకోదు, అది విదేశీ కంపెనీకీ వర్తిస్తుంది. కానీ కొన్నిచోట్ల పనితీరు బాగాలేదని కాగితాలు పెట్టి, కొన్ని నెలల జీతమిస్తాం, మీరే రాజీనామా రాయండి అంటారు. ఆ గదిలో సంతకం పెట్టకుండా బయటికి రావడం మీ హక్కు. ఇంకో సంగతి, టోక్యో ఆఫీసు చాలాసార్లు అమ్మకాల ఆఫీసే. ప్రొడక్ట్ నిర్ణయాలు అమెరికాలో జరుగుతాయి, మీకు మిగిలేది వేళకాని వేళ కాల్స్. అక్కడ ఇంజనీరింగ్ టీమ్ నిజంగా ఉందా లేదా ముందే కనుక్కోండి.

మనుషుల్ని పంపే కంపెనీలు

వీటి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. వీసా ఇప్పిస్తారు, తొందరగా పిలుస్తారు, అందుకే మన కుర్రాళ్లు ఎక్కువగా ఇందులోనే పడతారు. మీకు జీతమిచ్చేది ఒక కంపెనీ, పని చేసేది ఇంకోచోట, మధ్యలో ఒకటో రెండో అంచెలు. ప్రతి అంచెలోనూ కొంత కోత. ప్రాజెక్టు అయిపోతే తర్వాతిది వచ్చేదాకా ఎంతిస్తారో ఒప్పందంలో రాసి ఉండాలి. లేకపోతే వదిలేయండి.

ఆఫర్ కాగితం ఎలా చదవాలో ఒక ఉదాహరణ లెక్క చూడండి. నెల జీతం 3,40,000 యెన్‌లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో, ఇందులో 40 గంటల ఓవర్‌టైం కింద 81,000 కలిసి ఉంది అని ఉంటుంది. అంటే అసలు జీతం 2,59,000. నెలకి 160 గంటలు అనుకుంటే గంటకి సుమారు 1,619, దాని మీద చట్టం చెప్పిన 25 శాతం కలిపితే 2,023, దాన్ని 40తో గుణిస్తే 81,000 దగ్గర. లెక్క సరిగ్గానే ఉంది, మోసమేమీ లేదు. కానీ నెలకి 40 గంటలు అదనంగా చేసినా ఒక్క యెన్ ఎక్కువ రాదు. బోనస్ మామూలుగా అసలు జీతం మీదే కడతారు. 4 నెలల బోనస్ అన్నారనుకోండి, మీరు 13,60,000 అని మనసులో ఊహించుకుంటారు, చేతికొచ్చేది 10,36,000. ఈ పద్ధతి మిగతా రకాల కంపెనీల్లోనూ ఉంది, కాబట్టి ఎక్కడైనా ఆ చిన్న అక్షరాల గీత వెతకండి.

ఇండియా కంపెనీ తరఫున ఆన్‌సైట్

టీసీఎస్ 2014లో మిత్సుబిషి కార్పొరేషన్‌తో కలిసి జపాన్ సంస్థ పెట్టుకుంది. ఇతర పెద్ద కంపెనీలకీ అక్కడ ఆఫీసులున్నాయి. ఒకటి రెండేళ్లు చూసి వద్దామనుకునేవాళ్లకి ఇది నిశ్చింత. ఇండియా ఉద్యోగం అలాగే ఉంటుంది. 2016 అక్టోబర్ నుంచి రెండు దేశాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం అమల్లో ఉంది. దాని ప్రకారం ఇక్కడి కంపెనీ పంపినవాళ్లు సర్టిఫికెట్ తీసుకుంటే ఐదేళ్ల దాకా జపాన్ పెన్షన్ కట్టక్కర్లేదు. అయితే కంపెనీ అంతర్గత బదిలీ వీసా మీద వెళ్తే ఆ కంపెనీకే కట్టుబడి ఉండాలి. అక్కడికెళ్లాక వేరే కంపెనీకి దూకాలంటే వీసా రకం మార్చుకోవాలి.

జపాన్ కంపెనీలో నేరుగా చేరినవాళ్లకి పెన్షన్ కోత 9.15 శాతం ఉంటుంది. మూడేళ్లలో వెనక్కి వచ్చేస్తే కొంత మొత్తం ఒకేసారి తిరిగి తీసుకోవచ్చు. కాకపోతే అలా తీసుకుంటే ఆ కాలం రెండు దేశాల పెన్షన్ లెక్కలో కలవదు. ఇంకా, రెండో ఏడాది జూన్‌లో జీతం తగ్గినట్టు కనిపిస్తే కంగారుపడకండి. నివాస పన్ను కిందటేడాది ఆదాయం మీద దాదాపు 10 శాతం ఉంటుంది, కొత్తగా వెళ్లినవాళ్లకి అది అప్పుడే మొదలవుతుంది. మొదటి ఏడాది చేతికొచ్చిన జీతం చూసి ఇంటి లోన్ ఈఎంఐలు పెట్టుకున్నవాళ్లు ఆ జూన్‌లో ఇబ్బంది పడతారు.

ఎవరికి ఏది

ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసు, కోర్ బ్రాంచ్, భాష నేర్చుకునే ఓపిక ఉంటే కళ్లు మూసుకుని పాత కంపెనీ. మొదటి మూడేళ్లు జీతం తక్కువే, పని నేర్పడం మాత్రం ఇంకెక్కడా అంత బాగా ఉండదు. జీపీఏ కంటే, పేరున్న కాలేజీ కంటే ఎన్2 సర్టిఫికెట్ (జపనీస్ భాషా పరీక్షలో పైనుంచి రెండో స్థాయి, అన్నిటికంటే పైది ఎన్1) మిమ్మల్ని ముందుకు తోస్తుంది. ఉన్నత నైపుణ్య వీసా కోసం చదువు, అనుభవం, జీతం లాంటివాటికి వేసే పాయింట్లలో కూడా ఎన్2కి 10, ఎన్1కి 15 వస్తాయి. మామూలుగా శాశ్వత నివాసానికి పదేళ్లు ఉండాలి. 70 పాయింట్లుంటే మూడేళ్లు, 80 ఉంటే ఏడాదిలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. స్థిరపడదామనుకునేవాళ్లు ఆఫర్ జీతంతో పాటు ఈ పాయింట్లు కూడా లెక్కేసుకోవాలి.

ముప్పై దాటి, పెళ్లై, పిల్లలుండి, బ్యాకెండ్ లాంటి పనిలో అనుభవమున్నవాళ్లకి కొత్త కంపెనీ, అది కుదరకపోతే విదేశీది. ఇవి ఎక్కువగా టోక్యోలోనే ఉంటాయి. ఎడొగావా, కొతో వార్డుల్లో భారతీయ స్కూళ్లున్నాయి. ఎడొగావాలోని నిషికసాయ్ చుట్టుపక్కల పప్పులు, మసాలాలు, పలకరించే మనుషులు దొరుకుతారు. డిపెండెంట్ వీసా మీద ఉన్న భార్యో భర్తో అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటలు పని చేయొచ్చు. పాత కంపెనీలో చేరితే టయోటా ఉన్న ఐచీ ప్రాంతంలో ఫ్యాక్టరీ పక్కన ఇల్లు రావచ్చు, అక్కడ స్కూలు వెతుక్కోవడమే పెద్ద పని.

అసలు దేశం దాటకుండానే జపాన్ పద్ధతి చూడాలనుకుంటే తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ ఫ్యాక్టరీలున్నాయి, హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో తోషిబా ఉంది. జపాన్ కంపెనీల షాప్ ఫ్లోర్ క్రమశిక్షణ, లోపం కనబడగానే లైన్ ఆపే అలవాటు ఇలాంటి చోట నేర్చుకోవచ్చు. ఒకటి రెండేళ్లు అలా చేసి జపాన్ వెళ్లేవాళ్లకి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సరుకుంటుంది.

ఏ ఆఫర్ అయినా సంతకం పెట్టేముందు ఉద్యోగ షరతుల పత్రం అడిగి తెప్పించుకోండి, ఇవ్వడం చట్టప్రకారం తప్పనిసరి. 2024 ఏప్రిల్ నుంచి అందులో ఇప్పటి పని, ఇప్పటి ఊరు మాత్రమే కాదు, ముందుముందు ఏ పనికి, ఏ ఊరికి మార్చే అవకాశముందో కూడా రాయాలి. ఆ గీత దగ్గర "కంపెనీ నిర్ణయించిన ఏ చోటైనా" అని ఉంటే, టోక్యోలో రెండేళ్ల అద్దె ఒప్పందం రాసుకునే ముందు హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి, మీలాంటి ఇంజనీర్లని ఈ మధ్య ఎక్కడికి బదిలీ చేశారో అడగండి.